ప్రయోగశాలలో ప్రాణరక్షణ: ఒక అలవాటు పుట్టిన చరిత్ర

1812వ సంవత్సరం చివరి మాసాలలో ఇంగ్లండులో సర్ హంఫ్రీ డేవీ పసుపుపచ్చని నూనెవంటి ద్రవమొకటి తయారుచేస్తున్నాడు. అది నైట్రోజన్ ట్రైక్లోరైడు. 1811లో దానిని కనుగొన్న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డ్యూలాంగ్ ఆ పనిలోనే ఒక కన్నును, కొన్ని చేతివ్రేళ్ళను పోగొట్టుకున్నాడు. ఆ కబురు డేవీకి ఉత్తరం ద్వారా ముందే అందింది. అయినా ప్రయోగం మానలేదు. ద్రవం ప్రేలి గాజుపెంకు కంటికి తగలగా, కొన్నాళ్ళపాటు ఆయన స్వయంగా వ్రాసుకోలేకపోయాడు. అప్పుడు వ్రాసిపెట్టడానికి కుదిరిన 21 ఏళ్ళ యువకుడే మైకేల్ ఫారడే. 1813లో ఆ ద్రవంతోనే గురుశిష్యు లిద్దరూ మళ్ళీ గాయపడ్డారు.

ఈ కథను గురుశిష్యుల సాహసగాథగా చెప్పుకోవడం పరిపాటి. కాని ఇందులో వేరొక ప్రశ్న దాగి ఉన్నది. ఒకరి కన్ను పోయిందన్న సంగతి తెలిసి కూడా రెండవ మనిషి అదే పనిని అదే విధంగా ఎందుకు చేశాడు? విజ్ఞానశాస్త్రంలో ఒకరు కనుగొన్న సత్యం వెంటనే పదిమందికీ సొత్తవుతుంది. ఒకరు పడిన దెబ్బ మాత్రం ఎందుకు పదిమందికీ పాఠం కాలేదు? ప్రయోగశాలల రక్షణ చరిత్ర అంతా ఈ ప్రశ్నకు జవాబు వెదకిన చరిత్రయే.

గాయాలే బిరుదులైన కాలం

ఆనాటి రసాయనికులు ప్రమాదాన్ని వృత్తిధర్మంగా ఎంచారు. స్వీడన్ దేశపు షీలే తాను తయారుచేసిన పదార్థాలను రుచిచూచి వర్ణించేవాడు. ఆయన 1786లో 43 ఏళ్ళకే మరణించాడు. పాదరసం, ఆర్సెనిక్ వంటి విషాలతో చిరకాలం పనిచేయడమే అందుకు కారణమని పలువురి అభిప్రాయం. జర్మనీలో బున్సెన్ 1837 మొదలు కొన్ని సంవత్సరాలు కాకోడిల్ అనే ఆర్సెనిక్ సమ్మేళనాలను పరిశోధిస్తూ ప్రేలుడులో కుడికంటి చూపును కోల్పోయాడు. ఆర్సెనిక్ విషంవల్ల ప్రాణాపాయస్థితికి కూడా వచ్చాడు. బడిపిల్లలు ఎరిగిన బున్సెన్ జ్వాలకం వెనుక ఇంతటి బాధ ఉన్నది.

ఇవి కంటికి కనిపించే ప్రమాదాలు. కనిపించనివి తరువాత వచ్చాయి. 1898లో రేడియంను కనుగొన్న మేరీ క్యూరీ దానిని వట్టిచేతులతోనే ముట్టుకునేది. 1934లో ఆమె రక్తహీనతకు సంబంధించిన వ్యాధితో మరణించింది. ఆమె వ్రాసుకున్న నోటుపుస్తకాలను పారిస్ నగరంలో నేటికీ సీసపు పూత గల పెట్టెలలో భద్రపరుస్తున్నారు. ఆమెకు ఆనాడు పూర్తిగా తెలియదని చెప్పవచ్చు. కాని 1946లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో జరిగిన ప్రమాదానికి ఆ సమాధానం చెల్లదు. లూయీ స్లాటిన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ప్లుటోనియం గోళం చుట్టూ ఉంచిన రెండు బెరీలియం చిప్పలు పూర్తిగా మూసుకోకుండా ఒక స్క్రూడ్రైవరును అడ్డుపెట్టి ప్రయోగం చూపుతున్నాడు. 1946 మే 21న ఆ పరికరం జారింది. క్షణంలో వెలువడిన వికిరణంవల్ల ఆయన తొమ్మిదిరోజుల తరువాత మరణించాడు. అదే ప్లుటోనియం గోళం 1945లో హారీ డాగ్లియన్ అనే మరొక శాస్త్రజ్ఞుని బలిగొన్నది. రెండవ ప్రాణం పోయిన తరువాతనే చేతులతో చేసే ఈ పద్ధతిని మానివేసి, దూరంనుంచి యంత్రాలతో నడిపే ఏర్పాటు చేశారు.

నియమం చాలదని తెలిసిన ఘట్టం

అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కేరెన్ వెట్టర్‌హాన్ విషలోహాల ప్రభావాన్ని పరిశోధించిన ప్రసిద్ధ రసాయన శాస్త్రజ్ఞురాలు. 1996 ఆగస్టులో ఆమె డైమిథైల్ మెర్క్యురీ అనే ద్రవాన్ని ఒక పాత్రనుంచి మరొకదానికి మారుస్తుండగా కొద్ది బిందువులు చేతి తొడుగుమీద పడ్డాయి. ఆమె విషవాయువులను పీల్చివేసే గూటిలోనే పనిచేస్తున్నది. రబ్బరు తొడుగులు ధరించింది. అంటే ఆనాటి నియమాలన్నీ పాటించింది. అయిదు మాసాల తరువాత నడక తడబడింది, మాట తడబడింది. 1997 జూన్ 8న ఆమె మరణించింది. తరువాత పరీక్షించి చూడగా, ఆ ద్రవం అటువంటి తొడుగు గుండా 15 సెకండ్లలోపుననే దూరిపోతుందని తేలింది.

ఇక్కడ తప్పు ఆమెది కాదు, నియమానిది. ఆమె సహచరులు ఈ సంగతిని దాచుకోక వెంటనే ప్రపంచమంతటికీ తెలియజేశారు. ఆ పదార్థం వాడకం తగ్గింది, తొడుగులను గురించిన సలహాలు మారాయి. డ్యూలాంగ్ కన్నుతో డేవీ నేర్వని పాఠాన్ని ఇక్కడ నేర్చుకున్నారు. నియమం ఎంత మంచిదైనా, దానిని నిత్యం పరీక్షించి సరిదిద్దే మనుషులు కావాలి.

ఈ భావానికి అప్పటికే ఒక పేరు ఏర్పడింది. 1986లో చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో ఘోరప్రమాదం జరిగిన పిమ్మట అంతర్జాతీయ అణుశక్తి సంస్థకు చెందిన నిపుణులు ‘రక్షణ సంస్కృతి’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చారు. యంత్రలోపాలను మాత్రమే సరిదిద్దితే చాలదనీ, పై అధికారి మొదలు చివరి పనివానివరకు అందరి ఆలోచనలోనూ రక్షణకు మొదటిస్థానం ఉండాలనీ దాని సారాంశం.

విశ్వవిద్యాలయాలు ఎందుకు వెనుకబడ్డాయి?

కర్మాగారాలకంటె విశ్వవిద్యాలయాలు ఈ విషయంలో వెనుకబడ్డాయి. కారణం ఊహించడం కష్టం కాదు. కర్మాగారంలో ఒకే పనిని వేలసార్లు చేస్తారు; పరిశోధనాలయంలో ప్రతిరోజూ క్రొత్తపనియే. కర్మాగారంలో పనివారు ఏళ్ళతరబడి ఉంటారు. ఇక్కడ విద్యార్థులు నాలుగైదు సంవత్సరాలలో వెళ్ళిపోతారు, వారితో అనుభవమూ వెళ్ళిపోతుంది. పైగా ప్రొఫెసరు తన ప్రయోగశాలకు తానే రాజు. ఆయనను అడిగేవారు తక్కువ.

2008 డిసెంబరు 29న లాస్ ఏంజిలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 23 ఏళ్ళ పరిశోధన సహాయకురాలు టెర్షియరీ బ్యూటైల్ లిథియం అనే ద్రవాన్ని సిరంజితో తీస్తున్నది. గాలి తగిలితేనే మండే పదార్థమిది. సిరంజి పిడి ఊడి ద్రవం ఒలికి నిప్పంటుకున్నది. ఆమె ప్రయోగశాల అంగీ ధరించలేదు. ఒంటిమీద ఉన్నది కృత్రిమ నూలు స్వెట్టరు. 2009 జనవరి 16న ఆమె మరణించింది. ఆ ప్రయోగశాలలో అంగీలు వేసుకోవడం లేదని ప్రమాదానికి రెండు మాసాల ముందే తనిఖీలో వ్రాశారు. ఆ కాగితం ఉన్నది, అంగీ మాత్రం రాలేదు! 2011లో విశ్వవిద్యాలయంమీద, సంబంధిత ప్రొఫెసరుమీద నేరాభియోగాలు దాఖలయ్యాయి. తరువాత రెండూ ఒడంబడికలతో ముగిశాయి.

2010 జనవరి 7న టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధక విద్యార్థి ప్రేలుడు పదార్థాన్ని నూరుతుండగా అది ప్రేలి మూడు వ్రేళ్ళు తెగిపోయాయి. 100 మిల్లీగ్రాములకు మించి తయారుచేయరాదని నోటిమాటగా ఒక హద్దు ఉండేది. విద్యార్థులు సుమారు 10 గ్రాములు, అనగా నూరురెట్లు తయారుచేశారు. అమెరికా రసాయన ప్రమాదాల విచారణ సంఘం దీనిని విచారించి 2011లో నివేదిక ప్రకటించింది. అంతకుముందు అక్కడే త్రుటిలో తప్పిన ప్రమాదాలు జరిగినా, వాటినుంచి ఎవ్వరూ పాఠం తీయలేదని ఆ నివేదికవల్ల తేలింది. 2014లో అమెరికా జాతీయ పరిశోధన మండలి విశ్వవిద్యాలయాల రక్షణ సంస్కృతిపై ప్రత్యేక గ్రంథమే వెలువరించింది.

మన దేశానికి కూడ ఈ పాఠాలు తప్పలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయనశాఖలో 1985 తరువాత వాడుకలో లేని కోబాల్ట్-60 పరికరాన్ని 2010లో పాతసామానుతోపాటు వేలంవేశారు. మాయాపురి పాత ఇనుము బజారులో దానిని విప్పిన పనివారు వికిరణానికి గురి అయ్యారు, ఒకరు మరణించారు. అదేమిటో తెలిసినవారు విశ్వవిద్యాలయంలో ఉండగా, దాని ఫలితం అనుభవించినవారు ఏమీ తెలియని కూలీలు. 2018 డిసెంబరు 5న బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో వాయుబండ ప్రేలి ఒక పరిశోధకుడు మరణించాడు, ముగ్గురు గాయపడ్డారు.

సంస్కృతి అంటే ఏమిటి?

ఈ రెండువందల సంవత్సరాల అనుభవం కొన్ని విషయాలను తేల్చింది. ప్రయోగం మొదలుపెట్టకముందే ‘ఏది తప్పిపోతే ఏమవుతుంది?’ అని అడిగి జవాబు వ్రాసుకోవాలి. హద్దులు నోటిమాటగా కాక కాగితంమీద ఉండాలి. అవి పాటింపబడుతున్నవో లేదో చూచే బాధ్యత ఒక మనిషిది కావాలి. త్రుటిలో తప్పిన ప్రమాదాన్ని చెప్పినవానిని మందలించక మెచ్చుకోవాలి. మందలిస్తే రెండవసారి ఎవ్వరూ చెప్పరు. ప్రొఫెసరు స్వయంగా కళ్ళద్దాలు పెట్టుకోని ప్రయోగశాలలో విద్యార్థి పెట్టుకోడు. ‘ఇది ఆపండి’ అని అందరికంటె చిన్నవాడు చెప్పినా పని ఆగాలి.

ఇవేవీ పరిశోధనాలయంలో అడుగుపెట్టిన రోజున హఠాత్తుగా అబ్బే గుణాలు కావు. ‘మొక్కై వంగనిది మానై వంగునా?’ అన్న సామెత ఊరికే పుట్టలేదు. సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు నీళ్ళలో ఆమ్లం పోయాలే కాని ఆమ్లంలో నీళ్ళు పోయరాదని ప్రతి ఉన్నత పాఠశాలలోనూ చెబుతారు. పైన పోసిన నీరు ఆ వేడికి ఒక్కసారిగా మరిగి ఆమ్లాన్ని ముఖంమీదికి చిమ్ముతుందన్న కారణం కూడా చెప్పిన ఉపాధ్యాయుడు నియమాన్ని మాత్రమే కాక ఆలోచనను కూడా నేర్పినవాడవుతాడు. పగిలిన పరీక్షనాళికను దాచిపెట్టక తెచ్చి చూపిన విద్యార్థిని కసరక, ఎట్లా పగిలిందో తరగతి అంతటిచేతా ఆలోచింపజేసిన నాడు ఆ చిన్న గదిలోనే రక్షణ సంస్కృతికి అంకురార్పణ జరిగినట్లు. రేపటి పరిశోధనాలయాలలో నిలబడబోయేది ఆ విద్యార్థులే.