బేస్‌బాల్ స్కోరు నమోదు

బేస్‌బాల్ స్కోరు నమోదు అనగా బేస్‌బాల్ ఆట జరుగుతుండగా ప్రతి బ్యాటరు వంతులో ఏమి జరిగినదో గళ్ళ కాగితం మీద చేతితో వ్రాసుకొనే పద్ధతి. ఈ కాగితాన్ని స్కోరు కార్డు అని, పుస్తకరూపంలో ఉన్నచో స్కోరు పుస్తకం అని అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ పనిని అధికారిక స్కోరరు మాత్రమే కాక, స్టేడియంలో పెన్సిలు పట్టుకొని కూర్చున్న సామాన్య ప్రేక్షకులు కూడా చేస్తారు. రేడియో వ్యాఖ్యానం వింటూ ఇంటివద్దనే వ్రాసుకొనేవారు కూడా ఉన్నారు. సరిగా వ్రాసిన కార్డు ఉన్నచో, ఆటను చూడనివారు సైతం మొదటి బ్యాటరు నుండి చివరి ఔట్ వరకు ఆట నడిచిన తీరును చెప్పగలరు.

ఆట స్వరూపం

బేస్‌బాల్‌లో ఒక్కొక్క జట్టు సాధారణంగా 9 ఇన్నింగ్స్ ఆడుతుంది. ఒక ఇన్నింగ్స్‌లో 3 ఔట్లు కాగానే ఆ జట్టు వంతు ముగుస్తుంది. బ్యాటరు మూడు బేసులను వరుసగా దాటి హోమ్ ప్లేట్‌కు తిరిగి చేరినచో ఒక పరుగు లభిస్తుంది. క్రికెట్‌లో వలె కాక, ఔటయిన బ్యాటరు తన వరుస వచ్చినప్పుడు మరల ఆడతాడు. అందువలన కార్డులో ఆటగాళ్ళ పేర్లు ఎడమవైపున ఒకదాని క్రింద ఒకటి, ఇన్నింగ్స్ సంఖ్యలు పైభాగాన ఉంటాయి. ఈ రెండూ కలిసే గడిలో ఆ బ్యాటరు కథ వ్రాయబడుతుంది.

చరిత్ర

ఈ పద్ధతి రూపుదిద్దుకొనుటలో హెన్రీ చాడ్విక్ (1824-1908) పాత్ర ముఖ్యమైనది. ఇంగ్లండులో జన్మించి బాల్యంలోనే అమెరికా చేరిన ఈయన, న్యూయార్క్ ప్రాంతపు పత్రికలలో మొదట క్రికెట్ వార్తలు వ్రాసి, తరువాత బేస్‌బాల్ వైపు మళ్ళారు. ఆట సారాంశాన్ని పట్టికగా చూపే బాక్స్ స్కోరును అభివృద్ధి చేశారు. మూడు స్ట్రైకులతో ఔటయిన బ్యాటరుకు 'కె' అనే గుర్తు ఈయన పెట్టినదే. 'స్ట్రక్' అనే ఆంగ్లపదంలోని చివరి అక్షరమది. 1938లో ఈయనకు బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించినది.

అంకెలు, గుర్తులు

ఫీల్డింగ్ చేసే ఆటగాళ్ళను పేర్లతో కాక స్థానపు అంకెలతో సూచిస్తారు. ఇవి చొక్కా మీది అంకెలు కావు.

1 - పిచర్
2 - క్యాచర్
3 - మొదటి బేసు ఆటగాడు
4 - రెండవ బేసు ఆటగాడు
5 - మూడవ బేసు ఆటగాడు
6 - షార్ట్‌స్టాప్
7 - ఎడమ ఫీల్డరు
8 - మధ్య ఫీల్డరు
9 - కుడి ఫీల్డరు

షార్ట్‌స్టాప్ రెండవ, మూడవ బేసుల నడుమ నిలిచినప్పటికీ అతని అంకె 6. క్రొత్తగా నేర్చుకొనేవారు తరచు పొరబడేది ఇక్కడనే.

బంతి ఎవరి చేతినుండి ఎవరి చేతికి వెళ్ళినదో అదే వరుసలో అంకెలు వ్రాస్తారు. 6-3 అనగా షార్ట్‌స్టాప్ బంతిని అందుకొని మొదటి బేసుకు విసిరి బ్యాటరును ఔట్ చేశాడని అర్థం. 6-4-3 అనేది ఒకే బంతికి ఇద్దరు ఔటయిన సందర్భాలలో తరచు కనిపించే వరుస. ఎఫ్8 అనగా గాలిలోకి లేచిన బంతిని మధ్య ఫీల్డరు పట్టాడు. ఈ6 అనగా షార్ట్‌స్టాప్ పొరపాటు. బ్యాటు ఆడించకుండా నిలబడి మూడవ స్ట్రైకుతో ఔటయిన బ్యాటరుకు 'కె'ను తిరగవేసి వ్రాస్తారు. గడిలోని చిన్న వజ్రాకారం నాలుగు బేసులకు గుర్తు. ఆటగాడు ముందుకు సాగినకొద్దీ దాని భుజాలు గీస్తూ పోయి, పరుగు పూర్తికాగానే లోపలి భాగాన్ని నింపుతారు.

చాలామంది తమకు అనువైన సొంత గుర్తులు కూడా వాడుతారు. మాజీ ఆటగాడు, వ్యాఖ్యాత అయిన ఫిల్ రిజూటో, తాను చూడకుండా పోయిన ఘట్టం వద్ద 'డబ్ల్యూ డబ్ల్యూ' అని వ్రాసుకొనేవారు. 'చూడలేదు' అని దాని అర్థం.

ఒక ఉదాహరణ

1956 అక్టోబరు 8న వరల్డ్ సిరీస్ అయిదవ ఆటలో న్యూయార్క్ యాంకీస్ పిచర్ డాన్ లార్సెన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ బ్యాటర్లు 27 మందిలో ఒక్కరిని కూడా బేసు చేరనీయలేదు. దీనిని పర్ఫెక్ట్ గేమ్ అంటారు. రెండవ ఇన్నింగ్స్‌లో జాకీ రాబిన్సన్ బలంగా కొట్టిన బంతి మూడవ బేసు ఆటగాడి గ్లవ్‌కు తగిలి ప్రక్కకు పోయినది. షార్ట్‌స్టాప్ దానిని అందుకొని మొదటి బేసుకు విసిరి రాబిన్సన్‌ను ఔట్ చేశాడు. కార్డులో ఇది 5-6-3. అయిదవ ఇన్నింగ్స్‌లో గిల్ హాడ్జెస్ కొట్టిన బంతిని మికీ మాంటిల్ పరుగెత్తి పట్టినది ఎఫ్8. చివరి బ్యాటరు డేల్ మిచెల్ గడిలో తిరగవేసిన 'కె' ఉంటుంది.

లెక్క సరిచూచుట

బ్యాటరుగా వచ్చిన ప్రతి ఆటగాడి వంతుకు ముగింపు మూడు విధాలుగానే ఉంటుంది: పరుగు చేయుట, ఔటగుట, లేదా ఇన్నింగ్స్ ముగియునప్పటికి బేసు మీద మిగిలిపోవుట. కాబట్టి జట్టు మొత్తం బ్యాటింగ్ వంతులు, ఆ జట్టు పరుగులు, బేసుల మీద మిగిలినవారు, ప్రత్యర్థులు చేసిన ఔట్లు, ఈ మూడింటి మొత్తానికి సమానం కావలెను. సమానం కానిచో ఎక్కడో తప్పు వ్రాసినట్లే. క్రికెట్ స్కోరు పుస్తకంలో బ్యాటింగ్, బౌలింగ్ లెక్కలను సరిపోల్చుకొనుట ఇటువంటిదే. 2020 నుండి మేజర్ లీగ్ సాధారణ సీజన్ ఆటల అదనపు ఇన్నింగ్స్‌లో రెండవ బేసు మీద ముందుగానే ఉంచే ఆటగాడిని మాత్రం వేరుగా లెక్కించాలి.

కంటికి కనిపించినది, కార్డులో వ్రాసేది

ఆటగాడు ఔటా కాదా అని తేల్చేది అంపైరు. బేసు చేరినది బ్యాటరు ప్రతిభ వలననా, ఫీల్డరు పొరపాటు వలననా అని తేల్చేది అధికారిక స్కోరరు. స్కోరు వ్రాసేవారికి అంపైరు తీర్పును మార్చే అధికారం లేదు.

2010 జూన్ 2న డెట్రాయిట్ టైగర్స్ పిచర్ అర్మాండో గలరాగా క్లీవ్‌లాండ్ జట్టులో వరుసగా 26 మందిని ఔట్ చేశాడు. 27వ బ్యాటరు జేసన్ డోనాల్డ్ కొట్టిన బంతిని మొదటి బేసు ఆటగాడు మిగెల్ కబ్రేరా అందుకొని, బేసు వద్దకు వచ్చిన గలరాగాకు అందించాడు. 3-1 అని వ్రాయవలసిన ఘట్టమది. కాని అంపైరు జిమ్ జాయిస్ ఔట్ కాదన్నాడు. తరువాత వీడియో చూసి తన తప్పును బహిరంగంగా ఒప్పుకొన్నాడు. అయినను తీర్పు మార్చబడలేదు. ఆ గడిలో హిట్ అనే ఉన్నది. తరువాతి బ్యాటరు గడిలో 5-3 ఉన్నది. క్లీవ్‌లాండ్ వంతులు 28. పరుగులు 0, మిగిలినవారు 1, ఔట్లు 27. లెక్క సరిపోయినది, పర్ఫెక్ట్ గేమ్ మాత్రం దక్కలేదు. లెక్క సరిపోవుట తీర్పు సరియైనదనుటకు రుజువు కాదు. మరునాడు జట్టు జాబితాను అంపైరు జాయిస్‌కు అందజేసినది గలరాగాయే. ఇటువంటి తీర్పులను వీడియో సహాయంతో పునఃపరిశీలించే పద్ధతి 2014లో వచ్చినది.

చారిత్రక ప్రాధాన్యత

1989లో ప్రారంభమయిన రెట్రోషీట్ అనే స్వచ్ఛంద సంస్థ పాత స్కోరు కాగితాలను సేకరించి, ఆనాటి ఆటలను వంతులవారీగా పునర్నిర్మించినది.

వర్ణవివక్ష వలన మేజర్ లీగులలో స్థానం దొరకని నల్లజాతి ఆటగాళ్ళు నీగ్రో లీగులలో ఆడేవారు. 1947లో జాకీ రాబిన్సన్ ప్రవేశంతో ఆ అడ్డు తొలగినది. నీగ్రో లీగుల స్కోరు పుస్తకాలు అనేకం దొరకలేదు. పరిశోధకులు పాత పత్రికలలోని బాక్స్ స్కోరులను ఏళ్ళ తరబడి వెదకి కూర్చిన లెక్కలు 2024లో మేజర్ లీగ్ అధికారిక గణాంకాలలో చేర్చబడినవి. దానితో జాష్ గిబ్సన్ .372 సగటుతో జీవితకాల బ్యాటింగ్ జాబితాలో టై కాబ్ (.367)ను దాటి మొదటి స్థానానికి వచ్చాడు. స్కోరు వ్రాయని ఆటలు, వ్రాసినా కాగితం నిలువని ఆటలు మాత్రం ఈ లెక్కలలోనికి రాలేకపోయినవి.

ప్రస్తుత స్థితి

మేజర్ లీగ్ ఆటలలో ప్రతి బంతి వివరాలు నేడు కంప్యూటర్లలో నమోదవుతున్నవి. అయినను చేతితో స్కోరు వ్రాయుట అంతరించలేదు. చిన్నపిల్లల లీగులలోను, పాఠశాలల ఆటలలోను స్కోరు పుస్తకం ఇప్పటికీ వాడుకలో ఉన్నది. ప్రేక్షకులలో కొందరు తాము స్వయంగా వ్రాసిన కార్డులను భద్రపరచుకొంటారు.