కోళ్ళ గూట్లో స్టూడియో పెట్టిన పెద్దామె



ఫొటో స్టూడియో అంటే మగవాళ్ళ అంగడి అనే మనలో చాలామంది అనుకుంటాం. జూలియా మార్గరెట్ కామెరాన్ సంగతి వింటే అట్లా అనుకోరు. ఆమె 1815లో కలకత్తాలో పుట్టారు. 1863లో, 48 ఏళ్ళ వయసులో, ఇంగ్లండ్‌లో ఐల్ ఆఫ్ వైట్ దీవిలో ఉండగా కూతురూ అల్లుడూ ఒక కెమెరా ఇచ్చారు. బొగ్గుల కొట్టు డార్క్ రూం అయింది. కోళ్ళ గూటికి అద్దాలు ఉండేవి, అదే స్టూడియో అయింది.

అప్పటి స్టూడియోల్లో వెలుతురు ముఖం నిండా సమంగా పరిచేవాళ్ళు. ముఖం స్పష్టంగా వస్తుంది, కానీ చదునుగా ఉంటుంది. ఈమె తెరలు దించి ఒక పక్క నుంచే వెలుతురు రానిచ్చారు. 1867లో తీసిన మేనకోడలు జూలియా జాక్సన్ ఫొటో చూడండి. సగం ముఖం వెలుగు, సగం చీకటి. అదే ఏడు ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్‌ని తీశారు. నల్లటి బట్ట మధ్య ఆ తెల్ల జుట్టు, ముడతలు మాత్రమే కనిపిస్తాయి. ఫొటో కడగడానికి వాడే హైపో గుణం కనిపెట్టింది ఆ హెర్షెలే!

గాజు పలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి కడగాలి. కూర్చున్నవాళ్ళు నిమిషాల తరబడి కదలకూడదు. ఫోకస్ లేదు, పలక మీద వేలిముద్రలు, గీతలు అని విమర్శకులు తిట్టారు. వేలిముద్రల మాట నిజమే. వెలుతురు మాత్రం తెలియక చేసింది కాదని మా అభిప్రాయం.

1875లో భర్తతో సిలోనుకు పోయారు, 1879లో అక్కడే చనిపోయారు. అక్కడి రైతులను, తోట పనివాళ్ళను కూడా తీశారు. మన జిల్లాల నుంచి సిలోను తోటలకు పోయినవాళ్ళు ఎందరో మనకు తెలుసు. హెర్షెల్ ఫొటో కింద పేరు ఉంది. ఆ పనివాళ్ళ ఫొటోల కింద పేర్లు లేవు. మాకు అదే మనసులో పడింది.

మన హైదరాబాద్‌లో 1892లో లాలా దీన్ దయాళ్ ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే దొరసాని. మగ ఫొటోగ్రాఫర్ ముందు కూర్చోని ఆడవాళ్ళకు అట్లా దారి దొరికింది.

మీ ఇళ్ళల్లో అవ్వల ఫొటోలు ఉంటే వెనకాల పేరు, ఊరు రాసి పెట్టండి. పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా ముందుకు ఊరుతుంది.