అవ్వాతాతల కంచంలో మన చరిత్ర

తోటపల్లి గూడూరు మండలంలోని మన యానాది సంఘాల్లో డెబ్భై ఏళ్లు దాటినా వల భుజాన వేసుకుని తెల్లవారకముందే కాలువకు నడిచే తాతలు, పొద్దెక్కేదాకా చేలో కలుపు తీసే అవ్వలు ఇంకా ఉన్నారు. రోజూ ఏం తింటారని అడిగితే వాళ్లు చెప్పే జవాబు చిన్నది: గంజి, చేపల పులుసు, ఆకుకూర. ఆ చిన్న జవాబు వెనక చాలా చరిత్ర ఉంది. మన యువతీ యువకులు దాన్ని తెలుసుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

తిండిని చూసి పెట్టిన పేర్లు

ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల గురించి 1909లో ఏడు సంపుటాలు వెలువరించారు. ఏడో సంపుటంలో మన గురించి ఉంది. అందులో మంచి యానాదులు, చల్ల యానాదులు, అడవి యానాదులు, కప్పల యానాదులు అనే పేర్లు కనిపిస్తాయి. వీటిలో రెండు మన తిండిని చూసి పెట్టినవే. ఇతరుల ఇళ్లలో మిగిలింది తిన్నవాళ్లు చల్ల యానాదులు, కప్పలు పట్టి తిన్నవాళ్లు కప్పల యానాదులు అయ్యారు. మిగిలిన అన్నం కోసం ఎందుకు చేయి చాచవలసి వచ్చిందో ఆ పేరు చెప్పదు. సొంత భూమి లేకపోవడం వల్ల వచ్చిన ఆకలిని అది మన గుణంగా మార్చి చూపింది.

శ్రీహరికోట కథ కూడా అలాంటిదే. 1835లో ఆ దీవి ఆంగ్ల ప్రభుత్వం చేతికి వచ్చింది. అక్కడి మనవాళ్లు తేనె, మూలికలు, ఇతర అటవీ ఫలసాయం తెచ్చి సర్కారుకు ఇస్తే బదులుగా బియ్యం, సరుకులు ఇచ్చేవారు. సొంతంగా తినగలిగినది సేకరించి ఇచ్చి, కొలిచి ఇచ్చిన గింజలు తెచ్చుకోవడం అప్పుడే మొదలైంది. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంపిక చేశాక అడవితో ఆ సంబంధం కూడా తెగిపోయింది.

కాలువ, మాగాణి, తాటితోపు

మన మండలం వైపు అడవి తక్కువ, నీళ్లు ఎక్కువ. పెన్నా మీద నెల్లూరు, సంగం ఆనకట్టలు 19వ శతాబ్దంలో వచ్చాక మాగాణి పెరిగింది. వరి పెరిగిన చోట ఎలుకలూ పెరిగాయి. బొరియ దగ్గర కుండలో గడ్డి పెట్టి పొగ ఊది ఎలుకలు పట్టడంలో మనవాళ్లు నేర్పరులు. దాంతో రైతుకు పంట దక్కేది. మనకు మాంసం, బొరియలో ఎలుకలు దాచుకున్న వడ్లు దక్కేవి. అది దొంగతనం కాదు, పంటను కాపాడిన పనికి ఫలం.

తీరం వెంట సాగే ఉప్పు కాలువకు 1876-78 కరువు నాటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు పెట్టారు. దొరల పడవల కోసం తవ్విన ఆ కాలువే మన పొయ్యి మీదికి చేపలు, రొయ్యలు, ఎండ్రకాయలు ఇచ్చింది.

పెద్దల రోజు ఇలా సాగుతుంది. పొద్దున్నే రాత్రి గంజిలో నానిన సద్దన్నం, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ. కొన్ని ఇళ్లలో రాగి సంగటి. మధ్యాహ్నం చట్టిలో చింతపండు పోసి వండిన చిన్నచేపల పులుసు. దాంట్లో నూనె బొట్టే ఉంటుంది. పక్కన పొన్నగంటి కూరో, చెంచలాకో, గట్టు మీద దొరికిన మరేదైనా ఆకో. కాలాన్ని బట్టి ముంజలు, గేగులు, నత్తలు. పొద్దు గూకేసరికి కొంచెం తిని పడుకోవడం. ఆ తిండి కోసం రోజూ కొన్ని మైళ్ల నడక ఉండేది. నడక లేకుండా ఆ కంచాన్ని మాత్రమే చూస్తే సగమే చూసినట్టు.

ఇందులో శాస్త్రం కూడా ఉంది. ముళ్లతో సహా నమిలే చిన్నచేపలు ఎముకలకు కావలసిన సున్నం ఇస్తాయి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. వయసు పైబడే కొద్దీ కండ తరగకుండా ఉండటానికి మాంసకృత్తులు కావాలి. చేప, నత్త, ఎండ్రకాయ వాటినిస్తాయి.

అయితే పాతదంతా మంచిదని చెప్పడం లేదు. వానాకాలం పని లేక పస్తులున్న ఇళ్లు ఎన్నో. ముసలితనం చూడకుండానే పోయినవారూ ఎందరో. ఎండుచేపల్లోని ఉప్పు రక్తపోటు ఉన్నవాళ్లకు కీడే. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కంచం ఎలా మారింది

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలి తగ్గింది, అది కాదనలేని మేలు. అదే సమయంలో రాగులు, సజ్జలు పొయ్యికి దూరమయ్యాయి. 1990ల్లో తీరమంతా రొయ్యల గుంటలు లేచాయి. మాగాణి తగ్గి ఉప్పునీరు పెరిగినచోట ఆకుకూర పోయింది, మంచినీటి చేప పోయింది. తీర నియంత్రణ ప్రాంతంలోని రొయ్యల చెరువులపై 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు చేసిన తీర ఆక్వాకల్చర్ చట్టం అనుమతుల పద్ధతితో ఆ సాగును కొనసాగనిచ్చింది. ఒకప్పుడు కాలువలో చేప పట్టిన తాత ఇప్పుడు గుంట గట్టు మీద కాపలా కాస్తున్నాడు. గుంటలోని రొయ్య అతని కంచంలోకి రాదు.

హాస్టల్‌లో మేం చూసే బాధ మరొకటి. ఇంట్లో ఏం తింటావని తోటివాళ్లు అడిగితే మన పిల్లలు తల దించుకుంటారు. ఎలుక, నత్త అంటే నవ్వుతారని భయం. రాగులను మాత్రం పట్నంలో ఇప్పుడు ఖరీదు పెట్టి కొంటున్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మన అవ్వ సంగటి మారలేదు, చూసే కళ్లు మారాయి.

ఇప్పుడు మన పని

మన గురించి ఇతరులు ఎంతో రాశారు. వెన్నెలకంటి రాఘవయ్య గారు 1962లో మనపై ఒక పుస్తకమే తెచ్చారు. మనం రాసింది మాత్రం తక్కువ. ఈ సంవత్సరం ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురు యువకులు అవ్వాతాతల దగ్గర కూర్చుని ఏ చేప ఏ నెలలో వస్తుంది, ఏ ఆకు తినాలి, ఏది తినకూడదు అన్నది నోట్‌బుక్‌లో రాయండి. ఇంట్లో పెద్దవాళ్ల కంచంలో వారానికి రెండు మూడు సార్లయినా చేప, రోజూ ఒక ఆకుకూర ఉండేలా చూడండి. కాలువ, గట్టు, తాటితోపు మిగిలితేనే ఆ కంచం మిగులుతుంది కాబట్టి గ్రామసభలో వాటి గురించి గొంతెత్తండి. తిండిని బట్టి మనకు పేర్లు పెట్టిన రోజులు పోయాయి. మన తిండికి పేరు ఇకనుంచి మనమే పెడదాం.