కార్తెలు కదులుతున్నాయి

ఏటా జూన్ 7, 8 తేదీల్లో హైదరాబాద్‌లోని ముషీరాబాద్ చేపల మార్కెట్‌లో కాలు పెట్టే సందు ఉండదు. మృగశిర కార్తె నాడు చేప తినాలి, ఎండకు మాగిన ఒంటిని వానాకాలానికి సిద్ధం చేసుకోవాలి అన్నది పెద్దల మాట. నిన్నటిదాకా రోళ్లు పగిలే రోహిణి, ఇవాళ్టి నుంచి చల్లని మృగశిర. కార్తె మారడమంటే సూర్యుడు ఒక నక్షత్రం దాటి మరోదానిలోకి వెళ్లడం. దానికి ఇక్కడ కాలం ఎందుకు మారాలి?

భూమి సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అని బాగా చదువుకున్నవాళ్లూ అంటుంటారు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, మనం దుప్పట్లు కప్పుకునే రోజుల్లో. అప్పటి దూరం 14.7 కోట్ల కిలోమీటర్లు, జూలైలో 15.2 కోట్లు. రుతువులు మారేది భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉన్నందువల్ల. ఆ వాలుతోనే భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే ఆరు నెలలు ఉత్తరార్ధానికి, ఆరు నెలలు దక్షిణార్ధానికి ఎండ నిటారుగా పడుతుంది.

ఈ వాలును మనవాళ్లు ఎప్పుడో కొలిచారు. 499 ప్రాంతంలో ఆర్యభటుడు దాన్ని 24 డిగ్రీలన్నాడు. అయితే అది సూర్యుడి దారికి ఉన్న వాలు అన్నట్టే లెక్క సాగింది. అంతకంటే నన్ను కదిలించేది ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి మాట. దక్షిణాయనం ఆశ్లేష నక్షత్రం నడుమ మొదలవుతుందని ప్రాచీన గ్రంథం వేదాంగ జ్యోతిషం చెప్పింది. పూర్వం అలా ఉండేదేమో, ఇప్పుడు కర్కాటకం మొదట్లోనే మొదలవుతోంది, పరీక్షించి చూసుకోవచ్చు అని ఆయన బృహత్సంహితలో రాశాడు. పాత గ్రంథాన్ని గౌరవిస్తూనే కంటికి కనిపించినదాన్ని నమ్మడమంటే ఇదీ. ఈ లెక్కలు మన భాషలోకీ వచ్చాయి. మల్లికార్జున సూరి 1178లో సూర్యసిద్ధాంతానికి సంస్కృత వ్యాఖ్య రాయకముందే తెలుగులో వ్యాఖ్య రాశాడు.

1543లో కోపర్నికస్ ఆ వాలును ఆకాశం నుంచి తీసి భూమి అక్షానికి చేర్చాడు. ఆ అక్షం బొంగరంలా మెల్లగా తూగుతుందనీ, ఉబ్బిన భూమధ్యరేఖను సూర్యచంద్రులు లాగడమే కారణమనీ 1687లో న్యూటన్ వివరించాడు. ఒక చుట్టుకు దాదాపు 25,800 ఏళ్లు. అందుకే నక్షత్రాలతో లెక్కించే ఏడాది రుతువుల ఏడాది కంటే సుమారు 20 నిమిషాలు ఎక్కువ. 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున కార్తెలు ఆలస్యమవుతున్నాయి. వరాహమిహిరుడి రోజుల్లో మృగశిర కార్తె మన లెక్కన మే నెల నడుమ, మండుటెండలో వచ్చేది. మృగశిర చల్లదనం గురించిన మన సామెతలు ఆయనకు చాలా తర్వాత పుట్టినవేనని నా నమ్మకం.

నక్షత్రాల స్థానాలను ఓపికగా కొలిచిన చరిత్ర హైదరాబాద్ నగరానికీ ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల ఆ తర్వాత బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఎన్నో దేశాలు కలిసి తలపెట్టిన నక్షత్ర పటంలో తన వంతు ఆకాశాన్ని ఫొటోలు తీసి కొలిచింది. అక్షం తూగుతోంది కనుక అలాంటి పట్టికలో నక్షత్రం స్థానంతోపాటు అది ఏ ఏటి లెక్కో కూడా చెప్పక తప్పదు.

శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా సంఘం సిఫారసుతో రుతువులకు ముడిపెట్టిన జాతీయ క్యాలెండర్ 1957 మార్చి 22న అమల్లోకి వచ్చింది. పండుగలు మాత్రం పాత లెక్కనే నడుస్తున్నాయి. ఉత్తరాయణం డిసెంబర్ 21, 22 తేదీల్లో మొదలవుతుంటే సంక్రాంతి జనవరి 14, 15న చేసుకుంటున్నాం. చేసుకుందాం, కానీ ఆ తేడా ఎందుకో పిల్లలకు చెప్పాలి.

హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కనుక సూర్యుడు ఏడాదికి రెండుసార్లు మన నడినెత్తికి వస్తాడు. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి. రెండోసారి మబ్బులు అడ్డుపడతాయి కనుక ఆ ఎండ మనకు తెలియదు.

మే 9న పన్నెండుంబావు కావస్తుండగా ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందో, తార్నాకలో మీ మేడ మీదో మీటరు కర్రను నిటారుగా నిలబెట్టండి. నీడ కర్ర కిందే మాయమవుతుంది. జూన్ 21 మధ్యాహ్నం చూస్తే పదిన్నర సెంటీమీటర్ల నీడ దక్షిణానికి పడుతుంది. డిసెంబర్ 21న అదే కర్ర నీడ ఉత్తరానికి, 86 సెంటీమీటర్లు.