సర్దారు ఠాణా కడ నేలకొరిగిన పోలీసులు

వీరుడు నేలకొరిగిన తావున రాయి నిలుపుట మన దేశమున ప్రాచీనాచారము. తెలుగునాట దానిని వీరగల్లు అందురు. మనము బ్రదుకుచున్న ఈ గుజరాతు సీమలో, ముఖ్యముగా కచ్ఛ సౌరాష్ట్రములయందు, అట్టి రాతినే పాళియా అందురు. పల్నాటి కారెంపూడిలో వీరుల గుడి కడ కార్తికమాసమున ఏటేట వీరారాధనము జరుగుచున్నది. కావున ఈ రాష్ట్రపు సరిహద్దున ప్రాణములిచ్చిన కొందఱు పోలీసులను సూరతులోని తెలుగువారు స్మరించుట మనకు క్రొత్త ధర్మము కాదు.

1939 జూలై 27వ తేదీన నీమచ్‌లో 'క్రౌన్ రిప్రజెంటేటివ్స్ పోలీస్' అను పేర ఒక దళ మేర్పడెను. స్వాతంత్ర్యానంతరము, సర్దారు వల్లభభాయి పటేలు హోంమంత్రిగా నున్న కాలమున, 1949 డిసెంబరులో అది కేంద్ర రిజర్వు పోలీసు దళమైనది. దేశము లోపల శాంతిభద్రతలు కాపాడుట దాని ముఖ్యవిధి. కాని ఆ రోజులలో పాకిస్తాను సరిహద్దున కాపలా చాలవఱకు పోలీసులదే. కచ్ఛ రణ్‌లోని సర్దారు ఠాణాను ఈ దళపు రెండవ పటాలమువారు కాచుచుండిరి.

రణ్ అను మాట విన్నంతనే తెలుగువానికి యుద్ధము స్ఫురించుట సహజము. ఇచట దాని యర్థ మది కాదు. సంస్కృతమందలి 'ఇరిణము' నుండి వచ్చిన ఆ మాటకు ఉప్పునేల యని యర్థము. అచట చెట్టు లేదు, చాటు లేదు, త్రాగ మంచినీరు లేదు. 1965 ఏప్రిల్ 9వ తేదీ తెల్లవారుజామున మాత్రము ఆ రెండర్థములును ఒక్కటయ్యెను. పాకిస్తాను సైన్యమునకు చెందిన పదాతి బ్రిగేడు ఒకటి ఫిరంగుల యండతో ఠాణాపై బడెను. ఎదుట నిలిచినది సైన్యము కాదు. సంఖ్యలో అతిస్వల్పులైన పోలీసులు. వారు గంటల తరబడి పోరి శత్రువును నిలువరించిరి. దళపు లెక్కల ప్రకారము శత్రుసైనికులు 34 మంది మరణించిరి; నలుగురు పట్టుబడిరి. మనవారిలో ఆర్గురు అసువులు బాసిరి.

ఆ వివాదము తరువాత అంతర్జాతీయ ధర్మాసనమున కెక్కెను. 1968 ఫిబ్రవరి 19వ తేదీన వెలువడిన తీర్పు వివాదభూమిలో ఇంచుమించు పదవ వంతును పాకిస్తానునకు, తక్కినదానిని భారతదేశమునకు నిర్ణయించెను. న్యాయమూర్తులు పరిశీలించినవి పాత పటములు, దస్తావేజులు. అట్లయిన ఆ ఆర్గురి త్యాగము వ్యర్థమేనా యని యెవరైన అడుగవచ్చును. కాదని చరిత్రయే చెప్పుచున్నది. సరిహద్దు కాపలాకు ప్రత్యేకదళము ఆవశ్యకమని ఆ పోరాటమే ప్రభుత్వమునకు బోధించెను. 1965 డిసెంబరు 1వ తేదీన సరిహద్దు భద్రతా దళము కె. ఎఫ్. రుస్తంజీ గారి నాయకత్వమున అవతరించెను. భూమి యెవరిదను ప్రశ్నకు సమాధానము తరువాత పటములనుబట్టి వచ్చినది. విధి యెవరిదను ప్రశ్నకు సమాధానమును ఆ పోలీసులు ఆ చీకటిలోనే చెప్పిరి.

కేంద్ర రిజర్వు పోలీసులు ఏప్రిల్ 9వ తేదీని శౌర్యదినముగా పాటించుచున్నారు. 1959 అక్టోబరు 21వ తేదీన లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ కడ చైనా సైనికుల కాల్పులకు పదిమంది పోలీసులు బలియైరి. దేశమంతటను ఆ తేదీ పోలీసు సంస్మరణ దినమైనది. న్యూఢిల్లీలో జాతీయ పోలీసు స్మారకము 2018లో అదే తేదీన ఆవిష్కృతమైనది.

తుపాకి పట్టినవాడును, కలము పట్టినవాడును ప్రభుత్వ సేవకులే. మన పొరపాటు దస్త్రమున దిద్దుబాటగును. వారి విధినిర్వహణమునకు ప్రాణమే వెల. ఈ తారతమ్యము నెఱిగి, అక్టోబరు 21న మన సంఘసభ్యులు ఒక్క నిమిషము మౌనము వహింతురు గాక. రాయి నిలుపలేనిచోట జ్ఞాపకమే వీరగల్లు.