ప్లేగు పాసుపోర్టు - డిజిటల్ ఆరోగ్యపత్రము

క్రీ.శ. 1896 సెప్టెంబరు మాసమున బొంబాయి నగరములో ప్లేగు బయటపడెను. తెలుగు కూలీలైన కామాఠీల పేరిట కామాఠిపుర మను పేట వెలసిన నగర మది. రోగభీతిచే జనులు వేలకొలదిగా స్వస్థలములకు తరలిపోయిరి. 1897 ఫిబ్రవరి 4న వచ్చిన అంటువ్యాధుల చట్టము రైలు ప్రయాణికులను పరీక్షించుటకును, అనుమానితులను వేరుగా నుంచుటకును ప్రభుత్వమునకు అధికార మొసగెను.

కోస్తా జిల్లాలును, దత్తమండలములును నాడు మద్రాసు రాజధానిలోనివి. రోగగ్రస్త ప్రాంతములనుండి ఆ రాజధానికి వచ్చువారికి ప్లేగు పాసుపోర్టు లిచ్చుచుండిరి. తానుండు చోటు తెలిపి, నియమిత దినములు అధికారికి కనబడుట ప్రయాణికుని విధి. కట్టుబాట్ల బరువు మూడవ తరగతి ప్రయాణికునిపైననే హెచ్చుగా పడెను. ఇట్టి తనిఖీలు రైలుదారులలో సాగుచుండగనే 1898 ఆగస్టులో ప్లేగు బెంగుళూరు చేరెను. ఎలుకలపై నుండు కీటకము రోగవాహకమని ఫ్రెంచి వైద్యుడు సిమాన్ ఆ సంవత్సరమే ప్రకటించెను. పత్రము మనుష్యుని ఆపగలిగెను గాని, ఎలుకను ఆపలేకపోయెను.

కోవిడ్ కాలమున ఆ కాగితము చేతిఫోనులోని క్యూఆర్ గుర్తుగా మారెను. భారతదేశమున 2021 జనవరి 16న టీకాల కార్యక్రమ మారంభమయ్యెను. ఆ మే నెలలో 18 మొదలు 44 ఏండ్లవరకు గలవారు తొలుత కోవిన్ అను అంతర్జాల వేదికలోనే నమోదు కావలసివచ్చెను. ఫోను లేనివాని గతి యేమి? 2021 మే 31న సుప్రీంకోర్టు ఈ వ్యత్యాసమునే యెత్తిచూపెను. పత్రమున్నవారికిని చిక్కులు తప్పలేదు. భారతీయ టీకాపత్రమును బ్రిటన్ తొలుత అంగీకరింపక, 2021 అక్టోబరు 11నుండి మాత్రమే అంగీకరించెను.

దుర్వినియోగము వేరొక చిక్కు. చైనాలోని జెంగ్‌జౌలో, బ్యాంకు సొమ్ముకై ఆందోళన చెందిన ఖాతాదారుల ఆరోగ్యసంకేతములను ఎఱ్ఱగా మార్చి వారి రాకపోకలను అడ్డగించిన అధికారులు 2022 జూనులో శిక్షింపబడిరి. టీకా పొందినవారినుండియు వ్యాధి సోకుచున్నందున, టీకా లేనివారికి మాత్రమే విధించిన ఆంక్షలు నాటి పరిస్థితిలో సముచితములు కావని మన సుప్రీంకోర్టు 2022 మే 2న పేర్కొనెను.

బరంపురమున ఇల్లు, విశాఖపట్టణమున వియ్యము. షోలాపురమున మగ్గము, తెలంగాణమున పుట్టినూరు. యానాము చుట్టును ఆంధ్రప్రదేశమే. ఎల్లలకు ఇరువైపుల బంధువులు గల తెలుగువారికి దారిపత్రము జీవనసమస్య. రోగమును నిజముగా నిరోధించునదియు, నిరుపేదకును లభించునదియు, ఆపద తీరగనే తొలగునదియు నగు పత్రమే న్యాయమైనదని ఈ రెండు మహమ్మారుల చరిత్ర బోధించుచున్నది.