తలగాయం తరువాత కంటి కదలిక నాడుల పక్షవాతం

తలకు దెబ్బ తగిలి, కంటిగుడ్డును తిప్పే నాడులు చచ్చుబడితే వచ్చే మెల్ల ఇది. పుట్టుమెల్ల ఉన్న పిల్లల్లో మెదడు సాధారణంగా ఒక కంటిలో పడే ప్రతిబింబాన్ని పక్కన పెట్టేస్తుంది. పెద్దయ్యాక వచ్చిన మెల్లకు ఆ వెసులుబాటు ఉండదు, ఒక్క వస్తువు రెండుగా కనిపిస్తుంది.

కంటిని కదిలించే కపాల నాడులు 3, 4, 6. ఆరోది దెబ్బతింటే కన్ను చెవి వైపు తిరగదు. రహదారిపై ఎదురొచ్చే లారీ అలాంటివారికి పక్కపక్కనే రెండై కనబడుతుంది. మూడోది పోతే రెప్ప వాలి, కన్ను బయటికి, కిందికి జారుతుంది. కంటిపాప పెద్దదై వెలుగుకు ముడుచుకోకపోతే మాత్రం ఆలస్యం పనికిరాదు: లోపల రక్తం గడ్డకట్టి మెదడును నొక్కుతూ ఉండవచ్చు. వెంటనే సీటీ స్కాన్ తీయాలి.

నాలుగో నాడి అన్నిటికన్నా సన్నది. మెదడు కాండం వెనుక నుంచి వెలువడే కపాల నాడి ఇదొక్కటే. పుర్రెలో ఎక్కువ దూరం సాగేది ఆరో నాడి అని కొన్ని పాత పాఠ్యపుస్తకాలు రాశాయి. కొలతలు నాలుగోదాని వైపే మొగ్గుతాయి. ఇది దెబ్బతిన్నవారు మెట్లు దిగేటప్పుడు తడబడతారు, చదవబోతే అక్షరాలు ఒకదాని కింద ఒకటి రెండేసి కనిపిస్తాయి. తెలియకుండానే తలను రెండో వైపు భుజం మీదికి వంచుతారు. రెండు పక్కలా పోతే ఆ వంపు ఉండకపోవచ్చు, గడ్డం దించి చూస్తారు. దీన్ని గుర్తించడానికి అమెరికా వైద్యుడు మార్షల్ పార్క్స్ 1958లో చెప్పిన మూడంచెల పరీక్ష, బీల్‌షౌస్కీ పేరిట ఉన్న తలవంపు పరీక్షతోనే ముగుస్తుంది.

ఎక్కువగా చచ్చుబడేది ఏదన్న విషయంలో లెక్కలు కలవవు. అన్ని కారణాలూ కలిపి చూసిన మేయో క్లినిక్ జాబితాల్లో ఆరోదే ముందుంది. నాలుగో నాడి కేసుల్లో మాత్రం, పుట్టుకతో వచ్చినవి తీసేస్తే, గాయమే ప్రధాన కారణమన్నది బలంగా నిలిచిన మాట.

ప్రాణాపాయం దాటాకే కంటి వంతు. హైదరాబాద్‌లో మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి, 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఇలాంటి మెల్లకు చికిత్స చేస్తాయి. తొలి నెలల్లో ఒక కంటికి పట్టీ వేస్తారు, లేదా కళ్లద్దానికి ప్రిజం అతికిస్తారు; ఆపరేషన్‌కు సాధారణంగా కనీసం ఆరు నెలలు ఆగుతారు. కారణం ఉంది: 2001లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, గాయం వల్ల ఆరో నాడి దెబ్బతిన్న 84 మందిలో ఎక్కువమంది ఆరు నెలల్లో తమంతట తామే కోలుకున్నారు. నాడి పూర్తిగా చచ్చుబడినవారిలో, రెండు కళ్లూ దెబ్బతిన్నవారిలో ఆ అవకాశం తగ్గింది.